బండలు పరిచిన మోటరు

మా ఇంటి ముందు మూడేళ్ల పాటు ఒక మిలిటరీ మోటరు ఉండేది. అది నడిచింది తక్కువ, మా ఆయన దాని కింద పడుకున్నది ఎక్కువ. ఇప్పటికీ ఎవరైనా పాత బండి కొని బాగు చేయించుకుంటున్నామని, ఇంటిల్లిపాదీ అడవులూ వాగులూ తిరిగొస్తామని సంబరంగా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలు నవ్వుతారు. వాళ్లకు మోటరు కథ తెలుసు. అందులో నేను చెప్పకుండా దాచుకున్న ముక్క ఒకటుందని మాత్రం తెలియదు.

పోలీసు చర్య అయిపోయి మూడు నాలుగేళ్లు గడిచాక, పాత మిలిటరీ బళ్లను సికింద్రాబాదులో వేలం వేస్తున్నారని ఎవరో చెప్పారు. మా ఆయనకు తాండూరు స్టేషను దగ్గర చిన్న బండల అడ్డా ఉండేది. గనుల నుంచి వచ్చే నాపబండలను చెక్కించి రైలుకు ఎక్కించడం ఆయన పని. బండలు మోయడానికి ఒక బండి కావాలని వేలానికి వెళ్లిన మనిషి, తిరిగి వచ్చేసరికి మనసు మార్చుకున్నాడు. తెచ్చిన మోటరు జీపుకు రెండింతలుంది. వెనక అటొకటి ఇటొకటి సిపాయిలు కూర్చునే ఇనుప బల్లలు, పైన చిరిగిన కాన్వాసు గుడ్డ. దీంట్లో రాళ్లేమిటి, ఇంట్లోవాళ్లమంతా కూర్చుని తొవ్వ లేని ఊళ్లకు కూడా పోవచ్చు అన్నాడు. తొవ్వ లేని ఊరు అంటే నన్ను కన్న మా అవ్వ ఉండే ఊరే. అందుకని ఆ రోజు నేను కూడా సంతోషపడ్డాను. ఆ సంతోషం తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మా ఊరు బొంరాస్‌పేట దాటి ఇంకా లోపలికి ఉంటుంది. మేము గొర్ల కాపరులం. నా పెద్దవాడు ఆనవాయితీ ప్రకారం అక్కడే పుట్టాడు. రెండో కాన్పు అత్తగారింట్లో, తాండూరులో అయింది. ఆడపిల్ల. మా అవ్వ దాన్ని చూడలేదు. పిల్లకు ఏడాది నిండే సరికి మా తమ్ముడు గొర్లను అమ్మడానికి తాండూరు అంగడికి వచ్చి, మా ఇంట్లో అన్నం తింటూ తల వంచుకుని ఒక మాట చెప్పాడు.

"అవ్వకు ఎడమ కన్ను పోయినట్టే అక్కా. కుడి కన్ను గూడ మసకలే ఉన్నది. చూపున్నప్పుడే పిల్లను తెచ్చి చూపియ్యి."

పట్నం తీసుకుపోయి పెద్ద దవాఖానాలో చూపిద్దామంటే, కంటి మీద కత్తి పెట్టనియ్యనని అవ్వ మొండికేసిందట. మరి నాకు మిగిలింది ఒక్కటే పని, చూపు ఉండగానే పిల్లను తీసుకుపోవడం. మర్నాడే ఎడ్ల బండి మాట్లాడమని మా ఆయనను అడిగాను.

"ఇంటి ముందట మోటరు పెట్టుకొని ఎడ్ల బండిల పోతవా? నలుగురు ఏమనుకుంటరు? జర ఆగు, బండిని తయారు చేస్త" అన్నాడు.

జర ఆగు అన్న ఆ మాటను నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

తయారు చేయడమంటే ఏమిటో చెబుతాను. కొత్త సామాను కొనే స్తోమత మాకు లేదు. కాబట్టి దొరికిందల్లా మోటరుకు ఎక్కింది. ఒక ఇనుప బల్ల పీకేసి, దాని చోట మా ఇంట్లో నవారు మంచాన్ని కాళ్లు కోసి బిగించాడు, పిల్లలు పడుకుంటారని. నా మంచం, నన్ను అడగకుండానే. కాన్వాసు చిరుగులకు గొంగడి ముక్కలు కుట్టించాడు. అది వాన పడితే తడిసి, ఇల్లంతా గొర్ల దొడ్డి వాసన కొట్టేది. ఆ వాసనకు నాకు అవ్వ గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చేది. వాగులో దిగితే నీళ్లు పోకుండా పొగ గొట్టానికి ఇంకో గొట్టం అతికించి పైకప్పు దాకా లేపాడు. పొగ అంతా వెనక కూర్చున్న మా మీదికే వచ్చింది. దగ్గుకుంటూ దిగిన నన్ను చూసి, గొట్టం ఇంకో జానెడు లేపితే సరిపోతుంది అన్నాడు. తిట్టాలన్నా దగ్గు ఆగలేదు నాకు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి మోటరు ఎగరడం. చదును దారి మీద కూడా చిన్న గుంత తగిలితే చాలు, వెనక కూర్చున్నవాళ్లు లేచి పైకప్పుకు తగిలేవాళ్లు. దాన్ని చూపించడానికి వికారాబాదు తీసుకుపోయాడు. అక్కడ రైలు గేటు పక్కన ఒక ముసలి ఉస్తాద్ షెడ్డు ఉండేది. నిజాం కాలం నుంచీ మోటర్లు బాగు చేసిన మనిషి. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. ఉస్తాద్ బండి కిందికి వంగి, బరువు మోసే కమాను పట్టీలను వేలితో ఒక్కొక్కటే లెక్కబెట్టి లేచాడు.

"భాయ్, గీ బండి నిండ ఫౌజు కూసుంటదని చేసిండ్రు. మీరు నలుగురు కూసుంటే ఎగరక ఏం చేస్తది? రెండేసి పట్టీలు తీసేస్త. మెత్తగైతది, ఫికర్ వద్దు."

రెండు రోజుల పని అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ మా ఆయన మొహం చిన్నబోయింది. మిలిటరీ వాళ్లు పెట్టిన ఇనుమును తీసేస్తే బండి బలం పోతుందని ఆయన భయం. ఇంటికి రాగానే అడ్డాకు వెళ్లి, అంచులు విరిగి అమ్ముడుపోని నాపబండలను కూలీలతో మోయించుకొచ్చాడు. బరువు లేక ఎగురుతున్నదని ఉస్తాదే చెప్పాడు కదా, బరువు పెడితే సరి అన్నాడు.

తాండూరు వాళ్ల తెలివి అది. మాకు అరుగు కావాలంటే బండ, గోడ కావాలంటే బండ, అటక కావాలంటే బండ, ఇంటికి కప్పు కావాలన్నా బండే. పొలం చుట్టూ కంచె కూడా బండలే నిలబెడతాం. మోటరుకు జబ్బు చేస్తే మందు కూడా బండే అని ఆయనకు తోచడంలో వింత లేదు. వింతేమిటంటే నాకు కూడా అది సబబుగానే తోచింది. రెండు వరసలుగా బండలు పరిచి, సందుల్లో సున్నం కొట్టి, పైన చాప వేశారు. మోటరు లోపల మా ఇంటి వసారాలా చల్లగా, నున్నగా తయారయింది. యాలాల్ దాకా ఊరికే తిప్పుకొచ్చాడు. ఒక్క కుదుపు లేదు. జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి చూశారు. నేను పిల్లను ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను. మా తమ్ముడికి కబురు పంపించాను, ఫలానా రోజు మోటరులో వస్తున్నామని.

ఆ రోజు పొద్దున్నే బయల్దేరాం. కొత్త చీర కట్టుకున్నాను. చలికాలం కదా, దారిలో దాటాల్సిన కాగ్నా ఏట్లో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. బళ్లు దాటే చోటే దిగాం. ముందు చక్రాలు బాగానే పోయాయి. నడుమకు వచ్చాక వెనక చక్రాలు ఇసుకలోకి దిగడం మొదలుపెట్టాయి. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. అది ఇంకా దిగింది. ఇరుసు ఇసుకకు ఆనేదాకా దిగి, అక్కడ ఆగిపోయింది.

పిల్లను చంకన వేసుకుని, పెద్దవాడి చేయి పట్టుకుని నీళ్లలోకి దిగాను. మా ఆయన చాప తీసి, సున్నం పగలగొట్టి, బండలు ఒక్కొక్కటే బయటికి లాగాడు. లాగినవాటిని చక్రాల కింద పరిచాడు. అప్పటికీ ఆయనకు బండ తప్ప ఇంకోటి తోచలేదు. తడిసిన నాపబండ మీద చక్రం జారింది, తిరిగింది, ఒక బండను వెనక్కి విసిరి రెండు ముక్కలు చేసింది. ఒడ్డున ఎడ్లను కడుగుతున్న రైతు ఒకాయన కన్నడంలో ఏదో అని నవ్వాడు. అర్థం కాకపోయినా ఏమన్నాడో తెలిసింది. చివరికి ఆ రైతు ఎడ్లే మోటరును వెనక్కి, తాండూరు వైపు ఒడ్డుకు లాగాయి.

అప్పుడు వచ్చింది ఆ బండి. జొన్నచొప్ప మోపులు ఎత్తుగా వేసుకుని, మా వైపు నుంచి ఏరు దాటడానికి వచ్చింది. తోలేది నడి వయసు మనిషి. మా అవస్థ చూసి ఎడ్లను ఆపాడు. ఎక్కడిదాకా అని అడిగి తెలుసుకుని, మా ఊరి మీదుగానే పోతున్నానని చెప్పాడు.

"ఎక్కు అమ్మా, చొప్ప మీద పిల్లలు గూడ పంటరు. పొద్దుగూకక ముందే దించుత" అన్నాడు.

నేను ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. మా ఆయన వద్దనలేదు. ఆయన నడుము దాకా తడిసి, ముక్కలైన బండ పక్కన కూర్చుని ఉన్నాడు, పొమ్మంటే పొమ్మనేవాడే. నేనే ఆ చొప్ప వైపు చూశాను, నా కొత్త చీర వైపు చూసుకున్నాను. మోటరులో వస్తున్నానని ఊరంతా చెప్పించుకుని, చొప్ప మోపుల మీద నుంచి దిగితే ఊళ్లో వదినె వరస వాళ్లంతా ఏమంటారు అనుకున్నాను. వచ్చే వారం మోటరులోనే పోదాం అని నాకు నేనే చెప్పుకున్నాను. మీరు పొండి అని ఆ మనిషిని పంపించేశాను. బండి ఏరు దాటి, అవతలి గట్టు ఎక్కి, కనబడకుండా పోయింది.

వచ్చే వారం రాలేదు. వెనక్కి లాగినప్పుడు ఇరుసు వంగింది. అది తీర్చి దిద్దేసరికి వేసవి. టైరు ఒకటి పగిలింది, అలాంటి పాత టైరు దొరకడానికి రెండు నెలలు. ఈలోపు వానలు వచ్చి కాగ్నా నిండింది. రోజూ పొద్దున లేవగానే ఆ మోటరును చూసి నాకు ఏడుపొచ్చేంత విసుగు. ఆయనను నోటికొచ్చినట్టు తిట్టాను. బండలాయన అని అడ్డాలో కూలీలు పెట్టిన పేరుతోనే పిలిచాను. ఆఖరికి తనంతట తానే మోటరును వికారాబాదు తీసుకుపోయి, ఉస్తాద్‌తో ఆ పట్టీలు తీయించాడు. రెండు రోజులే పట్టింది. మోటరు మెత్తబడింది.

మళ్లీ చలికాలంలో బయల్దేరాం. కాగ్నాను ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. దున్నిన చేల మీదుగా, గట్ల మీదుగా పోయి మా ఇంటి ముందే ఆగాం. ఊరు ఊరంతా వచ్చింది. నేను కోరుకున్నట్టే దిగాను. మా అవ్వ గొర్ల దొడ్డి పక్కన నులక మంచంలో కూర్చుని, మోటరు చప్పుడు వచ్చిన వైపు మొహం తిప్పింది. కళ్లు తిప్పలేదు. ఆ తిప్పడంలోనే నాకు అర్థమైంది. తమ్ముడు నా మొహం చూడలేకపోయాడు. వానకాలంలోనే రెండో కన్ను కూడా పోయిందట, నాకు చెప్పొద్దని అవ్వే అన్నదట.

అవ్వకు మోటరును చూపించమని పిల్లలు గోల పెట్టారు. తమ్ముడు చేయి పట్టి నడిపించాడు. అవ్వ మడ్గార్డు తడిమింది, చక్రం తడిమింది, నవారు మంచం తడిమింది, పైన గొంగడి ముక్కను వేళ్లతో నలిపి మన గొర్ల బొచ్చే అన్నది. కింద తడిమి ఆగింది.

"బండలు పరిచినవని విన్న, మరి లేవేంది అల్లుడా?"

"తీసేసిన అత్తా" అన్నాడు ఆయన, నేల చూస్తూ.

అప్పుడు పిల్లను అవ్వ ఒళ్లో కూర్చోబెట్టాను. కొత్త మనిషని పిల్ల బిగుసుకుపోయింది. అవ్వ గరుకు వేళ్లు నుదురు మీద, ముక్కు మీద, చెవుల మీద మెల్లగా తిరిగాయి. ముక్కు నీదే అన్నది. గడ్డం నాది అన్నది. తర్వాత, రంగు నువ్వే చెప్పాలె బిడ్డా అన్నది. చామనచాయ అవ్వా అన్నాను.

కాసేపటికి, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగింది.

"పోయినేడు చొప్ప బండాయన వచ్చి చెప్పిండు, నీ బిడ్డ ఏటికాడ ఉన్నదని. మూడు దినాలు ఊరి బయట కూసున్న. అప్పుడు కుడి కన్ను జర కనబడుతుండె. ఆ బండిల జాగ లేకుండెనా బిడ్డా?"

"లేకుండె అవ్వా" అన్నాను.

మా ఆయన అక్కడే నిలబడి విన్నాడు. ఆ బండిలో ఎంత జాగా ఉందో ఆయనకు తెలుసు. బకెట్ తీసుకుని, మోటరులో పోయడానికి నీళ్ల కోసం వెళ్లాడు.