రెండు కీబోర్డుల ఇల్లు

మా ఇంట్లో కీబోర్డు అంటే నాదే. పన్నెండేళ్లుగా వనపర్తిలో టైపింగు, జిరాక్సు షాపు నడుపుతున్నాను. పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను, అర్జీలు కొట్టి పెడతాను. తమ్ముడి పెళ్లయిన వారానికే ఆ మాట నా చేతిలోంచి పోయింది. మరదలు నాగర్‌కర్నూల్ వైపు పిల్ల, చిన్నప్పటి నుంచి చర్చిలో వాయించిన పిల్ల. నల్లటి సంచిలో ఇంత పొడవు వాయిద్యం తెచ్చుకుంది. దాన్నీ కీబోర్డే అంటారట. అననీ, నాకేం? కానీ గోపాల్‌పేటలో మా ఇంటి తలుపు దగ్గర ఎవరైనా "కీబోర్డు నేర్పే అక్క ఉన్నదా?" అని అడిగితే అలవాటుగా లేచేదాన్ని. "నువ్వు గాదక్కా, మీ మరదలు" అనేవాళ్లు. ఒళ్లు మండిపోయేది.

ఒక్క కీబోర్డేనా! నోట్స్ అంటే నా దగ్గర పిల్లలు రాసుకునేవి, ఆమె దగ్గర వేళ్లతో నొక్కేవి. స్కేల్ అంటే నాకు పేజీ నెత్తిన ఉండే గీతలపట్టీ, ఆమెకు గొంతు ఎంత ఎత్తులో ఉందో చెప్పే లెక్క. ఒకరోజు పొద్దున చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "జర ఆగుండ్రి అత్తమ్మా, లూప్ పెట్టిన" అంది. అమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది.

"పెండ్లయి ఆర్నెల్లు గాలె, గప్పుడే లూప్ ఏందే? నా కొడుకుకు తెల్సా?"

మరదలు పకపకా నవ్వింది. అది పిల్లలు పుట్టకుండా కడుపులో వేయించుకునేది కాదని, తాళం ముక్క ఒకటి మళ్లీ మళ్లీ తిరగడమని చెప్పింది. ఊరుకోలేక నేనూ దూరాను. "మా కంప్యూటర్ల గూడ లూప్ ఉంటదే అమ్మా. ఒక్కటే పని తిప్పి తిప్పి చేపిస్తం" అన్నాను. అమ్మ నా వైపు చూడకుండానే "ఊ" అంది. జరిగి మరదలి పక్కన చాప మీద కూర్చుని, "ఏదీ, మల్ల తిప్పు" అంది. పన్నెండేళ్లలో నా పని గురించి ఒక్క ప్రశ్న అడగని మనిషి!

నా కుళ్లు ఎవరికీ అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను. నా చిన్నతనమంతా అమ్మ వలసలోనే ఉంది. నాన్నతో కలిసి పుణె, బొంబాయి వైపు రోడ్డు పనులకు పోయేది. నేనూ తమ్ముడూ అవ్వ దగ్గర పెరిగాం. ఏడాదికి రెండుసార్లు వచ్చేది, నేను ఒళ్లో సర్దుకునేలోపు మళ్లీ మూట కట్టేది. ఇప్పుడు మోకాళ్లు అరిగి ఇంటిపట్టున ఉంది. ఇన్నాళ్లకు నాకు దొరికిందిలే అనుకున్నాను. వచ్చిన సంబంధాలన్నీ వద్దన్నది అందుకే. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. తీరా చూస్తే అమ్మ సాయంత్రాలన్నీ నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల సొంతం. షాపు మూసి బస్సు దిగి వచ్చేసరికి ఇద్దరూ ఒకే చాప మీద ఉండేవాళ్లు. అమ్మ రోడ్డు పనుల గుడారాల్లో నేర్చుకున్న పాటలు, నాకెప్పుడూ పాడని పాటలు, వరసపెట్టి ఆమెకు పాడేది.

ఒకరోజు వంటింట్లో మరదలు నాతో ఒక రహస్యం చెప్పింది. "ఎవ్వరికి చెప్పకు వదినె. నాకు ఒక్క స్కేలే వస్తది. అన్ని పాటలు తెల్ల మెట్ల మీదనే వాయిస్త. పాడెటోళ్ల గొంతును బట్టి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుత, మిగిలింది అదే చూస్కుంటది." వాళ్ల వైపు చర్చిల్లో సగం మంది అలాగే వాయిస్తారట. అమ్మ గొంతు ఏళ్ల తరబడి తిన్న దుమ్ముకు దిగిపోయింది కాబట్టి, అమ్మ పాడేటప్పుడు మూడు మెట్లు కిందికి దించుతుందట. ట్రాన్స్‌పోజ్ నాకూ తెలుసు. నా పట్టికల్లో అడ్డం ఉన్న వరసల్ని నిలువుగా నిలబెడుతుంది, అంతే. కానీ ఆ రోజు నాకు లోపల ఎంత సంబరమైందో! ఓహో, నీ విద్యంతా ఇంతేనా, ఒక బటనా?

మా చర్చిలో కోత పండుగ ఆదివారం వచ్చింది. ప్రార్థన కాగానే మొదటి పాట అమ్మది. ఊరందరి ముందు ఒంటరిగా పాడటం ఆమెకు అదే మొదలు. వారం రోజులు అన్నం కూడా పాట మీద ధ్యాసతోనే తింది. నేను మామూలుగానే పాటల అక్షరాలు తెర మీద వేసేందుకు ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. పక్కనే మరదలి కీబోర్డు ఉంది. మూడు దించి సిద్ధంగా పెట్టి, ఆమె ముందు వరసలో గుమ్మడికాయలు, జొన్నకంకులు సర్దడానికి వెళ్లింది. కీబోర్డు మీది చిన్న అద్దంలో ఆ అంకె కనిపిస్తోంది. నా చెయ్యి బటన్ మీదికి పోయింది. ఆరుసార్లు పైకి నొక్కాను. మూడు కింద ఉన్నది మూడు పైకెక్కింది.

నేను అనుకున్నది ఒకటే. అమ్మ తన గొంతులో ఎత్తుకుంటుంది, కీబోర్డు ఇంకెక్కడో మోగుతుంది, అందరి ముందూ మరదలి పరువు పోతుంది. పాడేవాళ్లు వాయిద్యం ఎక్కడ ఉంటే అక్కడే అందుకుంటారన్న ముక్క నాకు తెలియదు. అక్షరాలు కొట్టుకుని బతికేదాన్ని, నాకెవరు చెప్పారు?

మరదలు కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. రెండో వరసకే ఆమె మొహం మారింది, కానీ జనమంతా చూస్తుంటే ఆపలేకపోయింది. అమ్మ నవ్వుతూ లేచి ఆ ఎత్తులోనే పాట అందుకుంది. మొదటి చరణం ఎలాగో ఈదింది. రెండో చరణంలో మెడ నరాలు తేలాయి. పై మాట దగ్గర గొంతు చీరిపోయి దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. వెనక ఎవరో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాప మీద కూలబడింది. మరదలు అద్దంలో అంకె చూసింది. తర్వాత నన్ను చూసింది.

ఇంటికొచ్చాక అమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. "ఇగ నేను పాడ" అంది. మరదలు కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. "తప్పు నాదే అత్తమ్మా. బటన్ చూస్కోలె" అంది. అబద్ధం! నా తప్పును కూడా తనే లాక్కుంది. అమ్మ లేచి ఆమె తల నిమురుతుంటే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, గడపలో నిలబడి అప్పుడు కూడా నాకు కడుపు మండింది. ఆ చెయ్యి నా తల మీద ఎప్పుడు పడిందో గుర్తు తెచ్చుకోబోయాను, గుర్తు రాలేదు.

"ఊకో బిడ్డా, నీ తప్పేం లేదు" అంది అమ్మ. "పాటకు ముందు మీ వదినె ఆ పెట్టె కాడ వంగి ఏందో జేస్తుంటె చూసిన. నా బిడ్డ పెద్ద సదువు సదివింది గద, నా పాట కోసమే ఏదో మంచిగ సరిజేస్తున్నది అనుకున్న. మస్తు ఖుషీ అయింది. అంత పైకి వొయ్యేసరికి ఆపుదామనే అనిపించింది. గానీ నా బిడ్డ పెట్టింది గద, అందుతదేమో అని ఎత్తుకున్న."

మరదలు తల ఎత్తలేదు. అమ్మ గడప వైపు చూసి, రమ్మని చెయ్యి చాపింది.

"నా గొంతుకే శాత గాలె బిడ్డా. నువ్వు రంది వెట్టుకోకు."