ఈఎస్ఐ లేని ఊరికి బదిలీ

2004లో నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీకి పర్సనెల్ ఆఫీసరుగా ఉండగా, వరంగల్ దారిలో పెట్టిన కొత్త యూనిట్‌కు జీతాలు నిర్ణయించే పని నాకు అప్పగించారు. ఇలాంటప్పుడు మూలవేతనం ముట్టుకోరు. ఊరిని బట్టి మారేవి ఇంటి అద్దె భత్యం, సిటీ అలవెన్సు. పల్లెలో అద్దెలు తక్కువ కాబట్టి ఆ రెండూ తగ్గించి, వెళ్లేవాళ్లు గొణగకుండా ప్రయాణ భత్యం కలిపాను. పైగా కార్మికుల వైద్య బీమా, అంటే ఈఎస్ఐ, ఆ ప్రాంతానికి అప్పటికి వర్తించదు. దానికోసం జీతంలో పడే కోత ఉండదు కనుక చేతికి నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి. డైరెక్టరుగారు మెచ్చుకున్నారు.

బదిలీ అయినవాళ్లలో ప్యాకింగ్ ఆపరేటర్ మల్లేశం ఒకడు. పీర్జాదిగూడలో అద్దెకుండేవాడు. మిగతావాళ్లు జీతం పెరిగిందని సంబరపడుతుంటే ఇతనొక్కడే నా గదికి వచ్చాడు. భార్య సుగుణకు గుండె కవాటం పాడైంది. ఈఎస్ఐ ద్వారా ఆపరేషన్‌కు పేరు నమోదైంది, ఇంకా వంతు రాలేదు.

"పైసలు తక్కువిచ్చినా ఫికర్ లేదు మేడం. నా పేరు జర నాచారంలనే ఉంచున్రి. పని ఏడ జెయ్యమంటే ఆడ జేస్త," అన్నాడు.

న్యాయమైన కోరికే. ఇక్కడి ఉద్యోగినే తాత్కాలికంగా అక్కడికి పంపినట్టు చూపితే ఈఎస్ఐ కొనసాగుతుంది. ఆ మాటే డైరెక్టరుగారితో అన్నాను. నాచారం లెక్కలో ఉంచితే నాచారం అలవెన్సులూ ఇవ్వాలి, ఒకరికి ఇస్తే రేపు యూనిట్ మొత్తం అడుగుతుందని ఆయన కొట్టిపారేశారు. అలవెన్సులు వద్దని అతనే రాసిస్తాడన్నా వినలేదు. నాకు ఒళ్లు మండింది, కానీ సంతకం ఆయనది.

కోత ఆగాక కూడా కొన్ని నెలలు ఈఎస్ఐ వైద్యం అందుతుంది. ఆలోగా వంతు వస్తుందని ఇద్దరం ఆశపడ్డాం. గడువు ముగిసింది, వంతు రాలేదు. ప్రైవేటు ఆస్పత్రిలో చేయిద్దామని మల్లేశం అప్పు కోసం తిరుగుతుండగానే సుగుణ పోయింది. ఇప్పటికీ తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

కొంతకాలానికి ఆ ప్రాంతానికీ ఈఎస్ఐ వర్తింపజేశారు. కొత్త కార్డుల కోసం ఇంట్లోవాళ్ల పేర్లు రాసుకోవడానికి యూనిట్‌కు వెళ్లాను. మల్లేశాన్ని అడిగితే, "నా ఒక్కని పేరే రాయున్రి మేడం," అన్నాడు.

ఊరు మారితే జీతంలో ఏది పెరుగుతుందో, ఏది తగ్గుతుందో ఎవరైనా లెక్కకట్టగలరు. ఆ ఇంట్లో ఎవరికి వైద్యం జరుగుతోందో మాత్రం అడిగితేనే తెలుస్తుంది. రిటైరయ్యేదాకా, ఆ ప్రశ్న అడక్కుండా ఏ బదిలీ కాగితాన్నీ నేను సంతకానికి పెట్టలేదు.