ఐసు కార్ఖానాలో కట్టిన జెల్లు

భద్రాచలంలో కాంట్రాక్టు లెక్చరర్‌గా కెమిస్ట్రీ చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా పని హైడ్రోజెల్ మీద. చూడ్డానికి తాటిముంజెలా ఉంటుంది. చల్లటి నీళ్లలో ఉబ్బుతుంది. ఒంటి వేడి తగిలితే నీళ్లు కక్కి ముడుచుకుంటుంది. కానీ ఆ ముడుచుకోవడానికే పూటంతా పట్టేది. పైపొర ముందు బిగుసుకుపోయి లోపలి నీళ్లను రానిచ్చేది కాదు.

గడ్డకట్టించి తయారుచేస్తే మంచు పలుకులు కరిగినచోట రంధ్రాలు మిగులుతాయనీ, నీళ్లకు దారి దొరుకుతుందనీ మా గైడ్ ఫోన్‌లో చెప్పారు. కాలేజీ ఫ్రిజ్ కరెంటు కోతల్లో మంచినీళ్లను కూడా చల్లబరచదు. ఎండాకాలమైతే గది వేడికే జెల్లు ముందుగా ముడుచుకుని కూర్చునేది. పాఠాలు చెప్పి, వంట చేసి, మళ్లీ ల్యాబుకు నడిచేసరికి మానేద్దామనిపించేది.

చివరికి మొహమాటం వదిలి, చేపలవాళ్లకు ఐసు అమ్మే కార్ఖానాకు వెళ్లాను. యజమాని పెద్దాయన. ఊరంతా చాచా అనేది. గడ్డలు కట్టే ఉప్పునీళ్ల తొట్టిలో, జెల్లు ద్రావణం నింపిన నా గాజుగొట్టాలు పెట్టుకుంటానన్నాను.

"మూతలు గట్టిగ బిగించు బేటీ. ఈ ఐసు సర్బతులకు గూడ పోతది," అన్నాడు.

మర్నాడు తీసి, కరగనిచ్చి, కుండనీళ్లలో కడిగితే తెల్లటి ముక్కలు ఉబ్బి వచ్చాయి. ఒకటి గోరువెచ్చటి నీళ్లలో వేశాను. ఇద్దరం చూస్తుండగానే చటుక్కున ముడుచుకుపోయింది. నాకు సంతోషం కన్నా ముందు నిద్ర ముంచుకొచ్చింది.

"ఇది దేనికి పనికొస్తది?" అన్నాడు చాచా.

లోపల మందు పెట్టి, ముడుచుకునే వేడిని ఇంకాస్త పెంచితే, జ్వరం వచ్చినప్పుడు దానంతటదే వదిలేలా చేయొచ్చని చెప్పాను.

"మా బిడ్డను దుమ్ముగూడెంల ఇచ్చినం. జరంతోటి పోయింది. దవాఖానాకు తెచ్చేటాళ్లకే ఆలస్యమైంది," అన్నాడు. తర్వాత అడిగాడు, "ఇది మందయ్యేదెప్పుడు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తెల్వదు చాచా. నా చేతుల మీద కాకపోవచ్చు."

"అవ్ లే. రేపు గూడ తెచ్చి పెట్టు."

అదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చింది. కొన్నిసార్లు గొట్టాలు పగిలేవి, కొన్నిసార్లు జెల్లు కట్టేది కాదు. ఎట్లాగో పట్టా వచ్చింది. ఉద్యోగం మాత్రం పర్మినెంటు కాలేదు. ఆ మాట చెప్పినప్పుడు చాచా ఓదార్చలేదు. కుర్చీ నా వైపు జరిపాడు. కార్ఖానా లోపల చల్లగా ఉంది. కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను.