మూడోసారి బాప్తిస్మం

మా ఆయన రెండుసార్లు బాప్తిస్మం తీసుకున్నాడు. మూడోసారి కూడా తీసుకునేవాడే. జమ్మలమడుగులో మా చర్చి అయ్యగారు ఒప్పుకోకపోవడంతో ఆగిపోయింది. ఇప్పుడు ఈ సంగతి చెబితే తెలిసినవాళ్ళు నవ్వుతారు, మా ఆయన కూడా నవ్వుతాడు. జరుగుతున్నప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

నేను పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. మిషనరీ దొరలు వచ్చిన కాలంలోనే మా వాళ్ళు ప్రభువును నమ్ముకున్నారట. అప్పటి నుంచి మా ఇళ్ళలో టీచర్లూ నర్సులే ఎక్కువ. నాకు క్రైస్తవం ఇంటిపేరుతో పాటు వచ్చింది. ఆదివారం ఇస్త్రీ చీర, చర్చిలో మా నాయనమ్మ కూర్చునే బెంచీ, క్రిస్మస్ ముందు వారం కజ్జికాయలు వండే సందడి, అంతే. పాపమనీ రక్షణ అనీ ప్రతి వారం నోటితో పలికేదాన్ని. ఆ మాటలు నా గురించి కూడా అని ఎప్పుడూ అనుకోలేదు.

బీఈడీ అయ్యాక పులివెందులలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. స్కూలు బోరు మోటారు కాలిపోతే బాగుచేయడానికి వచ్చినవాడే మా ఆయన. సొంతూరు వేంపల్లె పక్కన పల్లె. పులివెందుల బస్టాండు వెనక కాలిన మోటార్లకు తీగ చుట్టే అంగడి పెట్టుకుని ఉన్నాడు. వాళ్ళు హిందువులు. మేము ఇష్టపడి చేసుకున్నాం. రెండు ఇళ్ళవాళ్ళూ కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండి, తర్వాత వాళ్ళే వచ్చారు. పెళ్ళి కోసం మతం మారమని నేను అడగలేదు, ఆయన మారలేదు. ఆదివారం నేను చర్చికి పోతే ఆయన అంగడికి పోయేవాడు.

ఆయనకున్న ఒకే ఒక్క చెడ్డ గుణం నోరు. ఎండాకాలం చీనీతోటలు, అంటే బత్తాయి తోటలు, వాడిపోతుంటే, మోటారు కాలిన రైతుకు ఆగే ఓపిక ఉండదు. నాది ముందంటే నాది ముందని అంగడి మీద పడతారు. ఆయన వాళ్ళ తాతముత్తాతలను కూడా వదలకుండా తిట్టేవాడు. పులివెందులలో తిట్టుకు అంత విలువ లేదు. "వాని నోరంతే, పని మాత్రం బాగుంటాది" అనుకుంటూ మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇంట్లోనూ అదే నోరు. చెయ్యి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. చేతితో చేయనిదంతా నోటితో చేసేవాడు.

పెళ్ళయిన కొన్నేళ్ళకు నేను గర్భవతినయ్యాను. ఐదో నెలలో కడుపు పోయింది. ప్రొద్దుటూరులో ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన నా మంచం పక్కనే ఉన్నాడు. తల దువ్వాడు, అన్నం కలిపి తినిపించాడు. ఆ తర్వాత నాకు మళ్ళీ నిలవలేదు.

ఒక పొద్దున అంగడి తాళాలు కనబడలేదు. ఇల్లంతా తిరగేస్తూ అరుస్తున్నాడు. "నీ జేబులోనే చూసుకో" అన్నాను.

"గొడ్రాలివి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు.

తాళాలు జేబులోనే ఉన్నాయి. ఆయన వాటిని చేతిలోకి తీసుకుని చూసి, అంగడికి వెళ్ళిపోయాడు. సాయంత్రం అరటిపండ్లు తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను తినలేదు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ కోపంలో ఆ మాట వచ్చేది. ప్రతిసారీ ఏవో ఒక పండ్లు వచ్చేవి.

అలాంటి రోజుల్లో ఊళ్ళో సువార్త కూటాలు పెట్టారు. జనరేటరు మొరాయిస్తే మా ఆయన్ని పిలిచారు. పని అయ్యాక కూడా ఆయన ఇంటికి రాలేదు. చేతులకు నూనె మరకలతోనే చివరిదాకా నిలబడి విన్నాడట. ఇంటికొచ్చి, "ఆడ ప్రసంగం చేసినాయన నోటిని గురించి చెప్పినాడు మే. అంతమందిలో నన్ను జూసే చెప్తాండాడు అనిపిచ్చింది" అన్నాడు.

మర్నాడూ పోయాడు. మూడు నెలలు ఆ ప్రసంగీకుడి దగ్గర పాఠాలు విని, బాప్తిస్మానికి సిద్ధపడ్డాడు. ఊరి బయట ఒక చీనీతోటలో నీళ్ళతొట్టి ఉంది. ఒక ఆదివారం పొద్దున అందులో ముంచారు. తెల్లబట్టలతో నీళ్ళలోంచి లేచి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. నాకు సంతోషంగానే ఉంది, కొంచెం సిగ్గుగా కూడా ఉంది. పుట్టినప్పటి నుంచి క్రైస్తవురాలినే గానీ, దేవుడి కోసం నేనెప్పుడూ అట్లా ఏడవలేదు.

ఇంటికొచ్చాక, "చిన్నప్పుడు నీళ్ళు చల్లితే అది బాప్తిస్మం కాదంట మే. నువ్వు గూడా మునగల్ల" అన్నాడు.

"నిన్న గాక మొన్న వచ్చినోనివి, నాకు చెప్తాండావా?" అన్నాను. ఆ రోజు తిట్టింది నేనే. ఆయన ఓర్చుకున్నాడు.

కొన్ని నెలలు నిజంగానే ఆయన నోటి వెంట ఒక్క చెడ్డమాట రాలేదు. రైతులకు ఏమీ అర్థం కాలేదు. "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని అడిగేవాళ్ళు. తిట్టకుండా రేపు రమ్మంటే, ఆ రేపు నిజమో కాదో వాళ్ళకు తెలిసేది కాదు.

తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు లేదు, ఎదుట మోటార్ల గుట్ట ఉంది. ఎవరో ఏదో అన్నారు, పాత నోరు తిరిగొచ్చింది. ఆ వారంలోనే ఇంట్లో నన్ను ఆ మాట అన్నాడు. అన్న వెంటనే గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఇంతకుముందు తిట్టి మర్చిపోయేవాడు. ఇప్పుడు తిట్టి నిద్ర పోయేవాడు కాదు.

ఆ ప్రసంగీకుడు, నిజంగా మారినవాడు తెలిసి తెలిసి పాపం చేయడని చెప్పాడట. మా ఆయన దాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. "మొదటిది నాకు పట్టలేదు మే. నా మనసులో ఏదో దాచిపెట్టుకోని మునిగింటా" అన్నాడు. ప్రొద్దుటూరులో ఒక ప్రార్థన మందిరం గురించి ఎవరో చెప్పారు. అక్కడ వేదిక కింద చెక్కలు తీస్తే తొట్టి ఉంటుంది. బాప్తిస్మం కావాలంటే ఇంతకుముందు అయిందా అని కూడా వాళ్ళు అడగలేదు. బస్సులో ఇద్దరం పోయాం. మళ్ళీ ముంచారు, మళ్ళీ ఏడ్చాడు. మళ్ళీ నేను తువ్వాలు పట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

రెండోది మొదటిదానికన్నా తొందరగా పోయింది. వాళ్ళ అన్న మనవడికి పేరుపెట్టే రోజు వేంపల్లె పోయాం. బిడ్డను అందరూ ఎత్తుకుంటున్నారు. నేను ఎత్తుకోలేదు, పని ఉన్నట్టు వంటింట్లోనే ఉండిపోయాను. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో, "బిడ్డను ముట్టుకుంటే ఏం పోయింటాది నీకు? మావాళ్ళందరూ అడుగుతాండారు" అని మొదలుపెట్టాడు. నేను ఎదురు మాట్లాడాను. షేర్ ఆటోలో నలుగురి ముందు ఆ మాట అన్నాడు.

ఇంటికొచ్చాక ఆయన నాకేమీ చెప్పలేదు, దేవుడికే చెప్పుకున్నాడు. "నాకు రక్షణ పోయింది" అనేవాడు. ఉపవాసాలు మొదలుపెట్టాడు. చర్చికి వచ్చినా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు బయటికి పోయి చెప్పులు విడిచే చోట నిలబడేవాడు. అర్హత లేకుండా ముట్టుకుంటే ఇంకా పెద్ద పాపమని భయం. ఆయన బాధ దొంగది కాదని నాకు తెలుసు. కానీ ఆ బాధలో నేను ఎక్కడా లేను. అది నాకు ఆ మాట కన్నా ఎక్కువ కష్టంగా ఉండింది.

ఎండాకాలం సెలవులివ్వగానే నేను జమ్మలమడుగు వచ్చేశాను. ఎప్పుడు తిరిగొస్తానో చెప్పలేదు.

రెండో వారం మా చర్చి అయ్యగారి ఇంటి నుంచి కబురు వచ్చింది. ఆయన పెద్దవారు, రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నారు. నాకు చిన్నప్పుడు సండే స్కూల్లో పాటలు నేర్పింది ఆయనే. వెళ్ళి చూస్తే వరండాలో మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సంచి, సంచిలో ఆ తెల్లబట్టలు. పులివెందుల నుంచి వచ్చినవాడు మా ఇంటికి రాకుండా నేరుగా అక్కడికే పోయాడు.

"బాప్తిస్మం కావాలంటాండాడు మీ ఇంటాయన" అన్నారు అయ్యగారు.

"మళ్ళా అదే పాపం చేసినా అయ్యగారూ. ఈ తూరి సరిగ్గా ఇప్పిచ్చండి" అన్నాడు మా ఆయన.

"మా చర్చిలో నీళ్ళు చల్లేదే గానీ ముంచేది లేదు గదప్పా."

"చల్లినా సరే."

అయ్యగారు నా వైపు చూశారు. ఆయనకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "నేను చల్లను. ముంచేది వచ్చినా ముంచను. చూడప్పా, నాకు ఈ పని చేయబట్టి నలభై ఏండ్లాయె. పొద్దున గూడా కాఫీ ఆలస్యమైందని లోపలామె మీద అరిచినా. మరి నాకు రక్షణ పోయినట్టేనా?"

"మీరు అయ్యగారు గదా."

"అయ్యగారైతే ఏంది? నోరు నోరే. ఇంతకీ ఇందాక నువ్వు చెప్పిన ఆ మాట ఎవరిని అన్నావు?" అని అడిగారు.

"ఈమెను."

"ఈమెను అడిగినావా?"

మా ఆయన ఒళ్ళో సంచి సర్దుకుని, "దేవుణ్ణి అడిగినా" అన్నాడు.

"దేవుడు నువ్వడిగిన మొదటి తూరే క్షమించినాడు. ఊరూరికీ తిరిగి అడగాల్సిన పన్లేదు. నేను అడుగుతాండేది ఈమె సంగతి."

మా ఆయన సంచి కింద పెట్టి లేచాడు. నా ముందుకొచ్చి, ఎక్కడ చూడాలో తెలియక నా చెప్పుల వైపు చూస్తూ, "తప్పయిపోయింది మే. ఆ మాట అన్యాయం. నన్ను క్షమించు" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి క్షమించమని ఆయన నన్ను అడగడం అదే మొదలు.

ఇద్దరూ నా జవాబు కోసం చూస్తున్నారు. చర్చిలో పుట్టి పెరిగినదాన్ని, సరే అనడం ఎంతసేపు?

"నాకు రావట్లేదు అయ్యగారూ" అన్నాను.

అయ్యగారు నన్ను బలవంతం చేయలేదు. "రానప్పుడు రాలేదనే చెప్పల్లమ్మా. వచ్చిందని అబద్ధం చెప్పకు" అన్నారు. మా ఆయన మధ్యాహ్నం బస్సుకు పులివెందుల పోయాడు.

నేను అక్కడే ఉండిపోయాను. మా అమ్మకు సంగతి చెబితే, "మొగోళ్ళు కోపంలో అంటారు, అవన్నీ పట్టుకుంటే సంసారం ఎట్ల?" అంది. ఆదివారం చర్చిలో ప్రభువు ప్రార్థన చెబుతున్నప్పుడు, మా రుణస్థులను మేము క్షమించియున్న ప్రకారము అనే చోటికి రాగానే పలకడం ఆపేశాను. మాటలు వచ్చిన రోజుల నుంచి వల్లిస్తున్న ప్రార్థన. ఆ వాక్యం ఏం చెబుతోందో అప్పుడే మొదటిసారి విన్నాను. ఇన్నాళ్ళూ మా ఆయన్నే పాపి అనుకున్నాను, ఆయనే అట్లా చెప్పుకుంటాడు కాబట్టి. నన్ను గురించి నేను ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

మా ఆయన సాయంత్రాలు ఫోన్ చేసేవాడు. రమ్మని అడిగేవాడు కాదు. ఒకరోజు, "ఈపొద్దు అంగట్లో ఒకాయన్ను తిట్టినా. మళ్ళా వాళ్ళ తోటకాడికి పోయి క్షమించమని అడిగినా" అన్నాడు.

"ఏమన్నాడు?"

"బయపడినాడు. మోటారు పూర్తిగా పోయిందని చెప్పేదానికి వచ్చినానేమో అనుకున్నాడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వాక, "ఆదివారం రా. గండికోటకు పోదాం" అన్నాను.

వచ్చాడు. ఇద్దరం ఆటోలో గండికోట పోయాం. లోయ అంచున బెంగళూరు పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళకు దూరంగా ఒక బండ మీద కూర్చున్నాం. కింద పెన్నలో నీళ్ళు సన్నగా ఉన్నాయి. అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని సంగతి. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆయన మందులకు బయటికి పోయినప్పుడు నేను అడిగితే నర్సు చెప్పింది. ఆడపిల్ల.

"నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఆ పిల్ల లేనే లేదని అన్నట్టుంటాది" అన్నాను.

ఆయన ఏడ్చాడు. తొట్టిలోంచి లేచినప్పటి ఏడుపు కాదు అది. చప్పుడు లేదు. నేను కూడా ఏడ్చాను. ఆ పిల్ల కోసం ఇద్దరం కలిసి ఏడవడం అదే మొదటిసారి.

"క్షమిస్తాండా" అన్నాను. "కానీ మళ్ళా అంటే నేను మా అమ్మకాడికే వచ్చేస్తా. క్షమించినా గూడా వచ్చేస్తా."

"సరే" అన్నాడు.

స్కూళ్ళు తెరిచే ముందు నేను పులివెందుల పోయాను. ఆ మాట ఆయన మళ్ళీ అనలేదు. ఒకసారి నోటిదాకా వచ్చింది, నాకు తెలిసింది. లేచి బయటికి పోయి, వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. మిగతా తిట్లు పూర్తిగా పోలేదు. అంగట్లో ఎండాకాలం ఇప్పటికీ నోరు జారుతుంది. రక్షణ పోయిందని మాత్రం ఇప్పుడు అనడు. పడినప్పుడల్లా మొదటికి రావలసిన పని లేదని అయ్యగారు తర్వాత ఒకసారి చెప్పిన మాట ఆయనకు కుదిరింది. జమ్మలమడుగు చర్చిలో ఒక ఆదివారం నా పక్కనే మోకరించి రొట్టె తీసుకున్నాడు.

మాకు పిల్లలు పుట్టలేదు. దాని గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇద్దరం ఒకే జవాబు చెబుతాం. ఒక పాప ఉండింది, పోయింది అని.

పోయిన నెలలో ఒక పొద్దున మా అమ్మను గురించి ఏదో చులకనగా అన్నాడు. నేను సంచి అందుకుని స్కూలుకు పోయాను. మధ్యాహ్నం అన్నం వేళకు గేటు దగ్గర బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు. "పొద్దున అన్నదానికి తప్పయింది మే, క్షమించు" అన్నాడు. వాచ్‌మన్ వింటున్నాడు. నాకింకా కోపం తగ్గలేదు, తర్వాత క్లాసు కూడా ఉంది.

"సాయంత్రం చెప్తా" అన్నాను.

"సరే, సాయంత్రమే చెప్పు" అని బండి తిప్పుకుని పోయాడు.