తడి ఇసుక తూకం

2011 ఆగస్టులో, పదవీ విరమణకు మూడేళ్లుండగా, శామీర్‌పేట చెరువులో ఒక కొత్త లాంచీకి నిలకడ పరీక్ష జరిపి నివేదిక ఇమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. నేను బోట్ల సర్వేయర్‌ని. జనాన్ని ఎక్కించుకునే ఏ బోటైనా తిరగడం మొదలుపెట్టే ముందు దాని అడుగు, ఇంజను, లైఫ్ జాకెట్లు చూసి, ఎంతమందిని ఎక్కించవచ్చో లెక్కగట్టి సంతకం పెట్టడం మా పని. ఆ సంఖ్యను బోటు పక్కన పెద్ద అంకెల్లో రాయిస్తారు. ఎక్కేవాళ్లు దాన్ని చదవగా నేను చూడలేదు.

ఈ లాంచీ మేడ్చల్‌లోని ఒక ఫైబర్‌గ్లాస్ కార్ఖానాలో తయారైంది. గోదావరి మీద విహారయాత్రలు నడిపే ఒక సంస్థ రెండంతస్తులతో కావాలని చేయించుకుంటోంది. కింద నలభై మంది, పైన ఇరవై మంది. గోదావరి అప్పుడు వరదలో ఉంది, అక్కడ పరీక్ష కుదరదు. కార్ఖానా యజమాని జనార్దన్ గారు దగ్గర్లోని చెరువులో పరీక్ష ముగించి, కాగితంతో సహా లాంచీని ట్రైలర్ మీద పంపుతానని అడిగారు. మా శాఖ ఒప్పుకుంది.

ఆ ఏడాది మే నెలలో నా భార్య చనిపోయింది. మా ఇల్లు కౌకూర్‌లో. శామీర్‌పేటకు స్కూటర్ మీద ముప్పావు గంట. రోజూ వెళ్లి రావచ్చు. పరీక్షకు గాలి ఆగాలి, అది తెల్లవారుజామునే ఆగుతుంది కాబట్టి అక్కడే ఉండడం మంచిదని ఆఫీసుకు రాసి, కరీంనగర్ రోడ్డు పక్కన ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. రాసింది నిజమే. ఇంటికి వెళ్లాలని లేకపోవడం కూడా నిజమే.

నిలకడ పరీక్ష వినడానికి చాలా సులువైనది. మనుషులకు బదులు ఇసుక మూటలు ఎక్కిస్తాం. ఒక్కొక్కటి ముప్పై ఐదు కిలోలు, రెండు మూటలు ఒక మనిషి కింద లెక్క. ఒడ్డున ఏదో కొండో గుడో కనిపించి జనమంతా ఫొటోల కోసం ఒకే పక్కకు పోయినట్టు, మూటలను విడతలుగా ఒక పక్కకు చేరుస్తాం. పై అంతస్తు నుంచి మేస్త్రీలు వాడే గుండు ఒకటి దారానికి వేలాడుతుంటుంది. అది ఊగకుండా బకెట్‌లో నూనె పోసి అందులో మునిగేలా పెడతాం. బోటు ఎంత ఒరిగిందో దారం చెబుతుంది. దారం వెనక కర్ర మీద ఎర్ర గీత ఉంటుంది. దారం ఆ గీత దాటితే బోటు అంతమందిని మోయదు. ఒకే ఒక్క షరతు, గాలి ఉండకూడదు. గాలి తోపుడు కూడా బరువులాగే దారాన్ని కదిలిస్తుంది.

మొదటి రోజు వాన. ఒడ్డున టిప్పర్ దించిన ఇసుక కుప్ప తడిసి ముద్దయింది. అయినా పని మొదలుపెట్టించాను. చెరువులో చేపలు పట్టే కుటుంబాల ఆడవాళ్లు ఎనిమిది మంది మూటలు నింపారు. చేపలు తూచే కాంటా మీదే ఒక్కొక్కటి తూచి, సరిగ్గా ముప్పై ఐదు రాగానే మూతి కుట్టారు. మొత్తం నూట ఇరవై మూటలు. తూకం చీటీ మీద జనార్దన్ గారు, సరంగు, నేను సంతకాలు పెట్టాం.

లాంచీ నడిపే మనిషిని సరంగు అంటారు. ఈయన పేరు వీర్రాజు, గోదావరి జిల్లా వాడు, యాభై ఎనిమిదేళ్లు. ఆయన నడిపిన పాత చెక్క లాంచీని పక్కన పెట్టి రెండేళ్లు దాటింది. మా నిబంధన ప్రకారం మూడేళ్లు వరసగా బోటు మీద లేని సరంగు మళ్లీ కంటి పరీక్షకు రావాలి. ఆయన ఎడమ కంట్లో శుక్లం మొదలైంది. పరీక్షకు వెళితే లైసెన్సు ఉండదు. ఈ లాంచీ దసరాకు ముందు రెండంతస్తులతో నీళ్ల మీద పడితే దాని సరంగు ఆయనే. ఈ సంగతంతా ఆయనే చెప్పాడు, ఏమీ అడగకుండా.

రెండు రోజుల తర్వాత వాన ఆగింది. గాలి ఆగలేదు. మూటలను మొదటి రోజే ఒడ్డునున్న రేకుల షెడ్డులో పేర్చాం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఒడ్డుకు వెళ్లడం, కర్రకు కట్టిన గుడ్డపేలిక ఎగురుతుంటే చూసి వెనక్కి రావడం. నా సంచిలో ఒక పుస్తకం ఉంది, ఒకే పేజీ మూడు రోజులు చదివాను. వీర్రాజూ నేనూ రోడ్డు మీది హోటల్లో టీ తాగేవాళ్లం. కరీంనగర్ బస్సులు బురద చిమ్ముకుంటూ పోయేవి.

మూటలు నింపిన ఆడవాళ్లకు పెద్ద, బాలమణి అనే ఆవిడ. నలభై ఐదేళ్లుంటాయి. వీర్రాజును ఆట పట్టించడం ఆమెకు కాలక్షేపం.

"ఇదేం గాలండీ, మా గోదారి మీద దీన్ని గాలనే అనరు," అన్నాడాయన ఒకరోజు.

"అనకపోతె మరి నాలుగు దినాలసంది గీడ చాయ్‌లు తాక్కుంట ఎందుకు కూసున్నవ్ అన్నా?" అంది బాలమణి. "పడమటి గాలి గిది. మబ్బు పోయినా గిది పోదు. మీ సారుకు జెప్పు, పొద్దు పొద్దున్నే ఉరికొచ్చుడు బంద్ జేసి జెరంత పండుమని."

"పడుకోరమ్మా మా సారు. సూత్తున్నావు కదా, కళ్లెలా ఉన్నాయో," అన్నాడు వీర్రాజు.

నేను టీ డబ్బులిచ్చి లేచాను.

ఆరో రోజు తెల్లవారుజామున పేలిక కదలకుండా వేలాడింది. చెరువు నూనె పోసినట్టుంది. రెండు గంటలకు మించి ఇట్లా ఉండదని బాలమణి చెప్పింది. పరీక్షకు ముందు మూటలను అదే రోజు మళ్లీ తూచడం మా పద్ధతి. నూట ఇరవై మూటలు తూచేసరికి ఎండ, ఎండతో గాలి. మొదటి రోజు చీటీ నా జేబులో ఉంది, మూడు సంతకాలతో. అది చాలనుకున్నాను. ఎక్కించమన్నాను.

మూటలన్నీ ఒక పక్కకు చేరాక దారం ఎర్ర గీతకు బొటనవేలంత ఇవతల ఆగింది. మూడుసార్లు చూశాను. అరవై మందికి సరిపోతుంది. జనార్దన్ గారు ఫోన్ తీసి ట్రైలర్ వాడితో మాట్లాడడం మొదలుపెట్టారు. వీర్రాజు తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నేను పలక మీద కాగితం పెట్టి, అంకెలు నింపుతున్నాను.

ఆడవాళ్లు మూటలు దించుతున్నారు. బాలమణి ఒకటి నెత్తిన పెట్టుకుని, బోటు నుంచి ఒడ్డుకు వేసిన చెక్క దాటుతూ వెనక ఆమెతో అంది:

"ఏందే, మొన్న గీ మూట మోస్తె నడుం ఇరిగినట్టయింది. ఇయ్యాల మస్తు అల్కగున్నది. నేనే బలిసిన్నా ఏంది?"

వెనక ఆమె నవ్వింది. నా పెన్ను ఆగింది. ఆ మాటకు అర్థం నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఐదు రోజులు షెడ్డులో గాలికి ఇసుకలోని నీళ్లు కారి ఆరిపోయాయి. చీటీలోని బరువు మొదటి రోజుది, పడవలోని బరువు ఈ రోజుది. తెలిసి కూడా నేను తల ఎత్తలేదు. ఎంతసేపో చెప్పలేను. ఒక వరస అంకెలు నింపేంత సేపు.

వీర్రాజు బోటులోకి వెళ్లి ఒక మూటను భుజానికెత్తుకున్నాడు. కాసేపు అట్లాగే నిలబడి దించాడు. నా వైపు చూడకుండా, "ఒకసారి కాటా తెప్పించండి సార్," అన్నాడు.

కాంటా వచ్చింది. మొదటి మూట ముప్పై ఒకటి. రెండోది ముప్పై ఒకటిన్నర. పది తూచి ఆపేశాను. మనిషికి ఏడెనిమిది కిలోలు తక్కువతో అరవై మందిని ఎక్కించి, నిలబడిందని రాయబోయాను.

జనార్దన్ గారు చెడ్డమనిషి కారు. కానీ అలసిపోయారు, మా అందరిలాగే. "చీటీ మీద మీ సంతకమే ఉన్నది గద సార్. మీరే తూపిచ్చిన్రు. ఇప్పుడు మీరే కాదంటె ఎట్ల?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. తప్పు నాదని చెప్పి, పరీక్ష రద్దు చేశాను.

మూటలన్నీ విప్పి, పొడి ఇసుక కలిపి మళ్లీ ముప్పై ఐదుకు తెచ్చేసరికి సాయంత్రమైంది. మళ్లీ గాలి. మరో రెండు రోజులు వేచి ఉన్నాం. ఈసారి హోటల్లో ఎవరూ ఎవరితో పెద్దగా మాట్లాడుకోలేదు. బాలమణి ఒక్కతే, "నా నోటికి తాళమేసుకున్న బాగుండు గద అన్నా," అంది. వీర్రాజు, "నీ నోరు కాదమ్మా, నీ నెత్తి చెప్పింది," అన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున గాలి ఆగింది. అన్ని మూటలూ తూచే ఎక్కించాం. ఈసారి రెండు జట్లు, రెండు కాంటాలు పెట్టించాను. మొదటి రోజే ఆ పని చేసి ఉండవచ్చు. దారం ఎర్ర గీత దాటి ఆగింది. ఎంతో కాదు, అగ్గిపుల్ల మందం.

"ఒక్క అగ్గిపుల్లకు ఇరవై మందిని దించుతరా సార్?" అన్నారు జనార్దన్ గారు.

పై అంతస్తు మూటలు దించి చూశాను. దారం గీతకు చాలా ఇవతలికి వచ్చింది. కింద నలభై మంది, పైన ఎవరూ ఎక్కరాదు అని రాసి, తేదీతో పాటు గంట కూడా వేసి సంతకం పెట్టాను. వీర్రాజు నా పక్కనే నిలబడి ఆ అంకె చదివాడు. ఎడమ కన్ను మూసి చదివాడు.

పై అంతస్తు లేకుండా ఆ లాంచీ తమకు అక్కర్లేదని విహారయాత్రల సంస్థ చెప్పేసింది. జనార్దన్ గారు దాన్ని ఒక రిజర్వాయర్ దగ్గర బోటింగ్ నడిపేవాళ్లకు అమ్మారు. అక్కడ ఒడ్డు నుంచి ఒడ్డుకు తిప్పడానికి నది సరంగుతో పని లేదు. శామీర్‌పేట బస్టాపులో వీర్రాజును నేనే బస్సెక్కించాను. నేను ఏదో అనబోతే ఆయన ఆపాడు. "మీరు సంతకం పెట్టేసుంటే నేను నడిపేసేవోణ్ణేనండి. మూటెత్తకపోతే నాకూ తెలిసేది కాదు," అన్నాడు. ఆ రోజు నేను కౌకూర్ వెళ్లి, మే నెల తర్వాత మొదటిసారి ఇంటి తలుపులన్నీ తీసి ఊడ్చుకున్నాను.

మరుసటి ఏడాది ఆయన లైసెన్సు రద్దయింది. 2013లో జ్వరంతో చనిపోయాడని మా ఆఫీసులో ఎవరో మాటల మధ్యలో చెప్పారు. అప్పటికి ఆయన రేవులో జనాన్ని నది దాటించే పంటు మీద తాడు లాగే పని చేస్తున్నాడు.

ఆ తొమ్మిది రోజుల్లో నేను నేర్చుకున్నది ఇంతే. తూకం చీటీ తూచిన పూటకే చెల్లుతుంది. దుఃఖంలో ఉన్న మనిషి ఏ పనైనా త్వరగా ముగిసిపోవాలని చూస్తాడు. అటువంటప్పుడు తన సంతకాన్ని తానే మరోసారి చూసుకోవాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను చేసిన ప్రతి పరీక్షలోనూ మూటలను అదే పొద్దున తూయించాను. మా నివేదిక పత్రంలో బోటు పొడవుకు, ఇంజను నంబరుకు, సర్వేయరు పేరుకు గడులున్నాయి. రెండోసారి తూచమని అడిగింది ఎవరో రాయడానికి గడి లేదు. అప్పుడు రాయలేదు. అడిగింది సరంగు వీర్రాజు.