అక్క గోడ ఫోటోకు రెండు కెమెరాలు

నా డైరీలో ఆ వారం నమోదైన అవమానాలు ఇవి.

బుధవారం, చిక్కబళ్ళాపుర: కెమెరా అంగడివాడు నా పాత డి.ఎస్.ఎల్.ఆర్.ను చూసి, "ఇదింకా పనిచేస్తాందా అప్పా?" అన్నాడు.

శుక్రవారం, బాగేపల్లి: మా అక్క కూతురు సుధ జేబులో పట్టే చిన్న కెమెరా కొని, "అమ్మ ఫోటోకు ఇదే చాలు మామా, అంత బరువు నువ్వు మోయొద్దు" అన్నది.

ఆదివారం, చింతామణి: ఇది వివరంగా వ్రాయవలసి ఉన్నది.

అక్కకు ఎనభై రెండేళ్ళు. తాను పోయిన తరువాత గోడకు తగిలించే ఫోటోను తానే ఎంచుకోవాలని ఆమె పట్టుదల. అందుకని నన్నూ సుధనూ చెరొక ఫోటో తీయమన్నది. వాకిట్లో కుర్చీ వేసుకొని బిగుసుకొని కూర్చున్నది. నా లెన్సుకు జూమ్ లేదు. మొదటి ఫోటోలో ముఖం ఒక్కటే వచ్చింది. మనిషి మొత్తం రావాలంటే నేనే వెనక్కు నడవాలి. నడిచాను.

"ఒరేయ్, యెనక చూసుకోరా!" అని అక్క అరిచేలోపే, మండీకి అమ్మకానికి పోవలసిన టమోటా క్రేటులో కూలబడ్డాను. కెమెరాను మాత్రం పైకెత్తి కాపాడుకున్నాను. అక్క పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది. సుధ ఆ నవ్వును తన కెమెరాలో పట్టేసింది.

అక్క రెండు ఫోటోలూ చూసింది. "నీ దాంట్లో ఓటరు కార్డు మాదిరి ఉండాను. సుధది పెట్టండి. ఏడ్చేదానికొచ్చినోళ్ళు గూడా నవ్వుకోని పోతారు."

ఓటమిని అంగీకరిస్తున్నాను. అయితే ఆ ఫోటోను గోడకు ఎక్కించే అవసరం మరో ఇరవై ఏళ్ళ వరకు రాదని మా అక్క పదిహేను రోజులలోగా నాకు లిఖితపూర్వకంగా హామీ ఇవ్వవలెను.