మెహరున్నీసా గారి బయానా

నిన్న డబ్బాలోకి ఎండుమిర్చి ఒంపుతుంటే గింజలు గలగలమన్నాయి. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాను. మా ఆవిడ వింతగా చూసింది. అలా ఆడించి కాయ ఎంత ఎండిందో చెప్పగల మనిషి దగ్గరే నేను షేర్ల పాఠం నేర్చుకున్నానంటే నమ్మదని ఊరుకున్నాను.

మెహరున్నీసా గారిది గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం. తండ్రి పోయాక దుకాణం నడుపుతూనే, పక్క గదిలో కంప్యూటర్ పెట్టి షేర్ల ఏజెన్సీ తీసుకున్నారు. మన దేశంలో ఆప్షన్లు అప్పుడప్పుడే మొదలైన రోజులవి. నేను కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాను. సాయంత్రం కాగానే ఆ గదిలో తేలేవాణ్ణి. ఆవిడ అన్నీ మిర్చి భాషలోనే చెప్పేవారు. "రైతుకి బయానా ఇచ్చి, ఫలానా తేదీలోపు ఫలానా ధరకి సరుకు కొనే హక్కు రాయించుకున్నామనుకోండి. ధర పెరిగితే కొంటాం. పడితే బయానా వదులుకుంటాం, అంతకు మించి పోదు. కాల్ ఆప్షన్ కొనడమంటే ఇంతే. ఆ బయానానే ప్రీమియం అంటారు."

"మరి పుచ్చుకున్నవాడికో?"

"బయానా వాడిదే. ధర పెరిగితే మాత్రం నోరు మూసుకుని ఆ రేటుకే ఇచ్చుకోవాలి."

నా చెవులు మొదటి ముక్క దగ్గరే మూసుకుపోయాయి. బీమా వాళ్లకి ప్రీమియం కట్టడమే గాని, ఎదురు పుచ్చుకోవడం ఎరగని వంశం మాది. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో నాన్న పత్తీ మిర్చీ వేసేవాడు. విత్తనాలకీ ఎరువులకీ దాచమని అరవై వేలు నా దగ్గర ఉంచాడు. ఆ డబ్బు హామీగా పెట్టి, ఒక సిమెంటు కంపెనీ షేరు మీద కాల్ ఆప్షన్లు అమ్మి ప్రీమియం తీసుకుందామని నా ఎత్తు.

"ఆ షేరు ఈ నెల పెరగదు మేడం, నాకు తెలుసు."

"మీకది తెలుసు సరే, దానికి మీరు తెలుసా?" అని నవ్వి, "ఎవరి డబ్బు?" అన్నారు.

"నాన్నది. జూన్ దాకా పని లేదు."

ఆవిడ నవ్వు ఆగింది. "ఈ నెలకి ఆ సిమెంటు వదిలేసి, ప్రీమియం నా దగ్గర పుచ్చుకోండి, నేర్చుకున్నట్టుంటుంది," అన్నారు. మా స్టోరేజీలో నాన్న మిర్చి అయిదు క్వింటాళ్లుంది. అప్పటి ధర ఇరవై ఎనిమిది వందలు. మూడు వేలొస్తే అమ్మెయ్యమని నాన్న చెప్పాడు. నెలాఖరు గురువారం లోపు క్వింటా మూడు వేలకి కొనే హక్కు తనదని చీటీ రాసి, అయిదొందలు నా చేతిలో పెట్టారు. పాఠం చెప్పి ఎదురు డబ్బిచ్చే గురువు ఇంకెవరికైనా దొరికిందా అని మురిసిపోయాను.

మూడు వారాల్లో మిర్చి ముప్పై తొమ్మిది వందలకి ఎగబాకింది. గురువారం పొద్దున్నే ఆవిడ పదిహేను వేలూ, ఒక ట్రాలీ ఆటో తీసుకుని స్టోరేజీకి వచ్చేశారు.

"మేడం, నేర్చుకోవడానికన్నారుగా!"

"మరి నేర్పుతున్నానుగా. మోయించండి."

ఫోన్‌లో నాన్న అరుపుకి రిసీవర్ చెవికి దూరంగా పెట్టుకున్నాను. "ఏరా, అయిదొందలకి చేతులు కట్టేయించుకున్నావా? ధర పెరుగుతుంటే చూస్తూ నిలబడ్డావా?" తర్వాత గొంతు తగ్గించి, "మాటిచ్చావు కదా, ఇచ్చెయ్," అన్నాడు. బయానా అయిదొందలు పోను నష్టపోయిన నాలుగు వేలూ నా జీతంలోంచి నెలకి వెయ్యి చొప్పున ఇచ్చుకున్నాను.

ఆ సాయంత్రం మెహరున్నీసా గారు కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. సిమెంటు షేరు ఆ నెలలో ఎంత లేచిందో చూపించి, లెక్క నన్నే కట్టమన్నారు. కట్టాను. ఆ ఆప్షన్లు అమ్మి ఉంటే అరవై వేలూ పోగా నేనే ఇంకా బాకీ పడేవాణ్ణి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

చివరికి సిగ్గు విడిచి, "మిర్చి మీద వచ్చిన లాభం తిరిగిచ్చేస్తారేమో అనుకున్నాను మేడం," అన్నాను.

"ఇచ్చేస్తే మర్చిపోతారు సుబ్బారావు గారూ," అన్నారు, టీ గ్లాసు నా ముందుకు జరుపుతూ.

జూన్‌లో నాన్న గుంటూరు వచ్చాడు. అరవై వేలూ లెక్కపెట్టి చేతికిచ్చాను. విత్తనాల కొట్టు మెట్ల మీద, పదిమంది ముందూ, నా భుజం తట్టి, "మావాడి దగ్గర పెడితే బ్యాంకులో పెట్టినట్టే," అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయమనుకున్నాడు పాపం. ఆ మెప్పు నాది కాదని ఇన్నేళ్లయినా ఆయనకి చెప్పలేకపోయాను.